త్రీ-ఏ వెస్ట్ మీద స్పెషల్ రౌండ్లు: ఒక టెస్ట్ కేసు పూర్తి వివరం

బుల్లెట్‌ప్రూఫ్ వెస్టులు టెస్ట్ చేసే మా ల్యాబ్‌కి వచ్చిన క్లయింట్ ప్రశ్న సూటిగానే ఉంది. వాళ్ల గార్డులు వేసుకునేవి లెవెల్ త్రీ-ఏ సాఫ్ట్ వెస్టులు, అంటే బట్ట పొరలతో చేసినవి; గేటు దగ్గర ఉండేవాళ్లకి అదనంగా రైఫిల్ బుల్లెట్ల కోసం లెవెల్ త్రీ ప్లేట్లు కూడా ఇచ్చారు. "స్పెషల్" పేరుతో వస్తున్న రౌండ్ల (తూటాల) ప్రకటనలు ఎవరో వాళ్ల సెక్యూరిటీ ఇన్‌చార్జికి పంపారు. అందులో ఒకటి చదివితే ప్రపంచంలో ఏ జాకెట్టూ దాన్ని ఆపలేదేమో అనిపించేలా ఉంది, దాంతో ఆయనకి టెన్షన్ మొదలైంది. "మావి ఆపుతాయా ఆపవా, ఒక్క ముక్కలో చెప్పండి సార్" అన్నారు.

ఒక్క ముక్కలో చెప్పే ప్రశ్న కాదిది. ముందు ఆయన చేతిలో ఉన్న సర్టిఫికెట్‌లో అసలు ఏముందో చూడాలి. లెవెల్ త్రీ-ఏ అంటే "చేతి తుపాకులన్నీ ఆపుతుంది" అని చాలామంది అనుకుంటారు, అమ్మేవాళ్లు కూడా అలాగే చెబుతారు. కానీ అమెరికా న్యాయశాఖ పరిశోధన సంస్థ ఎన్‌ఐజె 2008లో తెచ్చిన 0101.06 ప్రమాణంలో త్రీ-ఏకి ఉన్నవి రెండే రౌండ్లు: 8.1 గ్రాముల .357 సిగ్ సెకనుకు 448 మీటర్ల వేగంతో, 15.6 గ్రాముల .44 మాగ్నమ్ 436 మీటర్ల వేగంతో. 2023లో వచ్చిన 0101.07లో ఈ స్థాయికి హెచ్‌జి2 అని కొత్త పేరు పెట్టారు, రౌండ్ల జాబితా విడిగా ఇంకో ప్రమాణంలోకి వెళ్లింది, అక్కడ కూడా పేర్కొన్నవి రెండే. మిగతా రౌండ్లని ఈ వెస్ట్ ఆపదని దీనర్థం కాదు. వాటి గురించి ఎవరూ ఏ హామీ ఇవ్వలేదు, అంతే. ఆ ఖాళీని టెస్ట్ చేసి పూరించడమే మా పని.

రౌండ్లని ఎలా ఎంచుకోవాలన్న దగ్గరే మొదటి వాదన వచ్చింది. ఆయన బ్రాండ్ పేర్ల జాబితా తెచ్చారు. నేను దాన్ని పక్కన పెట్టమన్నాను. పెట్టె మీద పేరు మారినంత వేగంగా లోపలి బుల్లెట్ మారదు. బట్ట పొరలకి తగిలాక బుల్లెట్ ఏం చేస్తుందన్నదాన్ని బట్టి విడదీస్తే ఆ పొడుగాటి జాబితా నాలుగైదు గుంపులకి కుదించుకుపోతుంది. మొనలో గుంట ఉండి తగలగానే విచ్చుకునే హాలో పాయింట్లు ఒక గుంపు. రాగి పొడిని అదిమి చేసిన, గట్టిదానికి తగిలితే పొడైపోయే ఫ్రాంజిబుల్ రౌండ్లు ఇంకో గుంపు. మొన మీద గాడులు ఉండి విచ్చుకోకుండా వెళ్లే పూర్తి రాగి బుల్లెట్లు, తక్కువ బరువుతో ఎక్కువ వేగం వచ్చేలా చేసినవి, ఆఖరికి షాట్‌గన్ స్లగ్, అంటే షాట్‌గన్‌లో వాడే ఒకే పెద్ద గుండు. స్లగ్‌ని ఆయన అడగలేదు, అందులో స్పెషల్ ఏముందన్నారు కూడా. నేనే పట్టుబట్టి చేర్చాను. కవచాన్ని చీల్చడానికే తయారయ్యే ఆర్మర్ పియర్సింగ్ రౌండ్లని మాత్రం సాఫ్ట్ వెస్ట్ మీద పెట్టలేదు. వాటిని ఆపడానికి సాఫ్ట్ వెస్ట్ తయారు కాలేదని అందరికీ తెలుసు, తెలిసిన సంగతికి ప్యానెళ్లు (వెస్ట్ లోపలి పొరల కట్టలు) తగలెయ్యడం దేనికి.

సాఫ్ట్ వెస్ట్ ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అరామిడ్ (కెవ్లార్ లాంటి దారం) గానీ పాలిథిలిన్ గానీ, పొరలు పొరలుగా ఉంటాయి. బుల్లెట్ తగిలిన చోట దారాలు సాగి, ఆ లాగుడు చుట్టుపక్కల దారాలకి పాకుతుంది. మెత్తటి సీసం బుల్లెట్ అయితే తగలగానే చదునవుతుంది, చదునైన కొద్దీ ఇంకా ఎక్కువ దారాలు దాన్ని పట్టుకుంటాయి. అంటే ఆపే పనిలో సగం బుల్లెట్ తనకి తానే చేసుకుంటుంది. చదును కాని బుల్లెట్ ఆ సాయం చెయ్యదు, తక్కువ దారాల మీదే భారమంతా వేస్తుంది. కాబట్టి స్పెషల్ రౌండ్ ఏదైనా నేను అడిగే మొదటి ప్రశ్న దాని శక్తి ఎంత అని కాదు, తగిలాక దాని ఆకారం ఏమవుతుంది అని.

ఇక క్లే సంగతి. ఈ పనిలో బయటివాళ్లకి బోరు కొట్టేదీ, ఫలితాన్ని తలకిందులు చెయ్యగలిగేదీ ఇదే. ప్యానెల్ వెనక పెట్టేది రోమా ప్లాస్టిలీనా నంబర్ 1 అనే నూనె కలిసిన మట్టి, శిల్పులు వాడేది. బుల్లెట్ ఆగిపోయినా ప్యానెల్ వెనక్కి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు మట్టిలో గుంటగా మిగిలిపోతుంది, దాని లోతు కొలుస్తాం. 44 మి.మీ. దాటకూడదు. ఇప్పుడు దొరికే ఆ మట్టి 1970ల నాటి మట్టి కాదు, దాని కూర్పు మారి గట్టిపడింది, అందుకే వేడి చేసి వాడాలి. సరిపడా మెత్తబడిందా లేదా అని చూడటానికి 63.5 మి.మీ. వ్యాసం ఉన్న 1 కిలో ఉక్కు గుండుని 2 మీటర్ల ఎత్తు నుంచి వదులుతాం, గుంటల సగటు 19 మి.మీ. రావాలి, 2 మి.మీ. అటూ ఇటూ.

మట్టి చల్లారుతూ ఉంటుంది. ఓవెన్ నుంచి తీసిన పెట్టెని ఫ్రేములో బిగించి, ప్యానెల్ కట్టి, ఒక షాట్ కొట్టి, ప్యానెల్ విప్పి, గుంట కొలిచి, మట్టి మళ్లీ నింపి, స్కేలుతో చదును చేసి, మళ్లీ ప్యానెల్ కట్టేసరికి పై పొర గట్టిపడిపోతుంది. గట్టి మట్టిలో గుంట చిన్నగా పడుతుంది, వెస్ట్ గొప్పగా కనిపిస్తుంది. ఆలస్యంగా కొట్టిన షాట్లన్నీ పాసైన రిపోర్టు ఎవరైనా నా ముందు పెడితే నేను మొదట అడిగేది చివర్లో వేసిన గుండు లెక్కలే. మేం షాట్ల ముందూ వేశాం, తర్వాతా వేశాం, తర్వాతి లెక్క హద్దు దాటిన పెట్టె మీది షాట్లన్నీ రద్దు చేశాం. క్లయింట్ తరఫున కూర్చున్న కుర్రాడికి ఇది వృథాగా అనిపించింది, "పోయింది మన ప్యానెలే కదండీ" అన్నాడు. పోయింది ప్యానెలే, నిజమే. రద్దు చెయ్యకపోతే మాత్రం ఆ అంకెని నమ్మి రేపు ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడతారు.

గాలి బుడగలు ఇంకో గోల. గుంట పూడ్చేటప్పుడు బొటనవేలితో అడుగు నుంచి నొక్కుకుంటూ రావాలి, పైన ముద్ద పెట్టి చదును చేస్తే లోపల బోలు మిగులుతుంది, తర్వాతి షాట్ దాని మీద పడితే గుంట అసలుకంటే లోతుగా వస్తుంది. ఈ తప్పు వెస్ట్‌కి అన్యాయం చేస్తుంది, చల్లటి మట్టి వెస్ట్‌కి మేలు చేస్తుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని అనుకోకండి.

వేగం దగ్గర స్పెషల్ రౌండ్లతో అసలు చిక్కు ఉంది. మామూలు సర్టిఫికేషన్ టెస్టులో తుపాకి మందు మనమే తూచి నింపుకుని, కావలసిన వేగం, అంటే ప్రమాణం చెప్పిన దానికి 9.1 మీటర్లు అటూ ఇటూగా, రాబట్టుకోవచ్చు. ఫ్రాంజిబుల్ బుల్లెట్‌ని విప్పి మళ్లీ బిగించబోతే పగిలిపోవచ్చు, కొన్ని రాగి బుల్లెట్ల విషయంలో ఫ్యాక్టరీ మందే ఆ రౌండ్ ప్రత్యేకత. అందుకని ఫ్యాక్టరీ రౌండ్లు ఉన్నవి ఉన్నట్టే కాల్చాం. అప్పుడు బారెల్ పొడుగు ఫలితంలోకి చొరబడుతుంది. ఒకే రౌండ్ పొట్టి పిస్టల్‌లో ఒక వేగం, ల్యాబ్‌లోని పొడుగాటి టెస్ట్ బారెల్‌లో ఇంకో వేగం ఇస్తుంది. ప్రకటనల్లో రాసే వేగం సాధారణంగా వాళ్లకి అనుకూలమైన బారెల్‌ది. మేం కనిష్ఠం కాకుండా గరిష్ఠం వైపు వెళ్లాం, ఎందుకంటే కార్బైన్‌లో, అంటే పొడుగు బారెల్ తుపాకిలో, పెట్టి కాలిస్తే అదే పిస్టల్ రౌండ్ వేగంగా వస్తుంది కదా. ప్రతి షాట్‌కీ క్రోనోగ్రాఫ్‌తో కొలిచిన వేగం పక్కనే రాశాం, వేగం నమోదు కాని షాట్‌ని లెక్కలోకి తీసుకోలేదు. "ఆగింది" అన్న మాట పక్కన ఎంత వేగంతో వచ్చి ఆగిందో లేకపోతే ఆ మాటకి అర్థం లేదు.

ప్యానెళ్లు మూడు రకాలు పెట్టాం: కొత్తవి, గార్డులు వాడి తెచ్చినవి, నీళ్లలో నానబెట్టినవి. ప్రమాణంలో 65 డిగ్రీల వేడి, 80 శాతం తేమలో 10 రోజులు డ్రమ్ములో దొర్లించడం ఉంది, 30 నిమిషాలు నీళ్లలో ముంచడం ఉంది. తడిస్తే అరామిడ్ దారాలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, పట్టు తగ్గుతుంది. అందుకే ప్యానెల్‌కి నీరు చొరని కవరు ఉంటుంది, ఆ కవరు కుట్టు దగ్గర చిరిగితే కథ మారిపోతుంది. వాడిన ప్యానెళ్లు ఎందుకని అడిగేవాళ్లకి జైలాన్ అనే దారం సంగతి చెబుతాను. 2003లో పెన్సిల్వేనియాలోని ఫారెస్ట్ హిల్స్‌లో ఒక పోలీసు అధికారి వేసుకున్న జైలాన్ వెస్ట్‌ని, అది ఆపాల్సిన స్థాయి బుల్లెట్టే చీల్చుకుని వెళ్లింది. ఆ వెస్ట్ పాతదేం కాదు. తేమ తగిలితే ఆ దారం బలం కోల్పోతోందని పరిశోధనలో తేలింది, 2005లో ఎన్‌ఐజె జైలాన్ వెస్టుల గుర్తింపు తీసేసింది. కొత్త ప్యానెల్ మీద పాసయినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదని ఆ ఘటన తర్వాత ఈ రంగంలో అందరికీ ఒంటబట్టింది.

ఇక ఫలితాలు.

ఆయన్ని భయపెట్టిన రౌండ్లు సాఫ్ట్ వెస్ట్ మీద మా షాట్లలో అన్నీ ఆగిపోయాయి. ఫ్రాంజిబుల్ అయితే మొదటి కొన్ని పొరల్లోనే పొడై ఆగింది, విప్పి దులిపితే రాగి పొడి రాలింది. అసలు వాటి పుట్టుకే ఉక్కు టార్గెట్ల మీద ప్రాక్టీసు చేసేటప్పుడు ముక్కలు తిరిగి వెనక్కి రాకుండా ఉండటానికి. హాలో పాయింట్లు ఎక్కువ భాగం పుట్టగొడుగులా విచ్చుకున్నాయి. ఒక్కటి మాత్రం విచ్చుకోలేదు. ప్యానెల్ కుట్టు విప్పి ఒక్కో పొర ఎత్తుకుంటూ వెళ్తే చివర్లో దొరికింది, దాని నోట్లో బిళ్ల ఆకారంలో కత్తిరించినట్టున్న బట్ట ముక్కలు ఒకదాని మీద ఒకటి కుక్కుకుని ఉన్నాయి. నోరు పూడుకుపోయింది కాబట్టి అది మామూలు గుండ్రటి మొన బుల్లెట్‌లాగే ప్రవర్తించింది. గాడుల రాగి బుల్లెట్లు కూడా ఆగాయి, కాకపోతే మిగతావాటికంటే ఎక్కువ పొరలు తెగాయి. తెగిన చోట అరామిడ్ దారం కొసలు దూదిలా విచ్చుకుని ఉన్నాయి, పాలిథిలిన్ పొరలున్న ప్యానెల్‌లో అంచులు కరిగి ముద్దకట్టినట్టు కనిపించాయి (అది సుమారు 150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అరామిడ్ కరగదు). పొరలు లెక్కపెట్టే ఈ పని ఎవరూ అడగరు, కానీ ఎంత మిగులు ఉండగా ఆగిందో పాస్-ఫెయిల్ చెప్పదు, ఇదే చెబుతుంది.

అన్నీ ఆగాయి అనగానే క్లయింట్ ముఖం వెలిగింది. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఒక రౌండ్‌తో 12 షాట్లు కొట్టి ఒక్కటీ దాటలేదనుకోండి, దాటే అవకాశం సున్నా అని చెప్పలేం. 3ని షాట్ల సంఖ్యతో భాగించండి, 12కి 25 శాతం వస్తుంది; 95 శాతం నమ్మకంతో మనం చెప్పగలిగింది దాటే అవకాశం 25 శాతాన్ని మించదని మాత్రమే. 30 షాట్లు కొట్టినా 10 శాతం దగ్గర ఆగుతాం. అందుకే సీరియస్‌గా చేసేవాళ్లు వేగం పెంచుకుంటూ వెళ్లి, సగం షాట్లు దాటి సగం ఆగే వేగం ఎక్కడుందో వెతుకుతారు, దాన్నే వి50 అంటాం. ఆ వేగానికీ రౌండ్ మామూలు వేగానికీ మధ్య ఎంత దూరం ఉంటే అంత ధైర్యం. క్లయింట్ ఇచ్చిన ప్యానెళ్లతో అది అన్ని రౌండ్లకీ సాధ్యం కాలేదు, అనుమానం ఉన్న ఒక్క గుంపుకే చేశాం, మిగతావాటికి "ఇన్ని షాట్లలో దాటలేదు" అని మాత్రమే రాశాం.

ఆ తర్వాత స్లగ్. 12 గేజ్ సీసం స్లగ్, 28 గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకు 475 మీటర్ల ప్రాంతంలో. ప్యానెల్ దాన్ని కూడా ఆపింది, సీసం అప్పచ్చిలా చదునైపోయింది. ప్యానెల్ ఎత్తి మట్టి చూస్తే గుంటలో పిడికిలి పట్టేలా ఉంది, లోతు 44 ఎప్పుడో దాటేసింది. ఇన్‌చార్జి గారు ప్యానెల్ వెనక వైపు తడిమి చూసి "చిల్లు లేదు కదా సార్, పాసే కదా" అన్నారు.

పాస్ కాదు. ఆ 44 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. 1970లలో అమెరికా సైన్యం ఎడ్జ్‌వుడ్ ప్రయోగశాలలో మత్తిచ్చిన మేకల మీద కెవ్లార్ పొరలు కట్టి .38 స్పెషల్ బుల్లెట్లతో కాల్చి చూశారు, ఆ గాయాలని జెలటిన్‌లోనూ తర్వాత మట్టిలోనూ పడే లోతుతో పోల్చి ఈ హద్దుకి వచ్చారు. ఆ బుల్లెట్ 10.2 గ్రాములు, వేగం 244 మీటర్ల దగ్గర, లెక్క కడితే సుమారు 300 జౌల్స్. మా స్లగ్ 3,200 జౌల్స్ దగ్గర ఉంది. త్రీ-ఏ జాబితాలో బరువైనదైన .44 మాగ్నమ్ కూడా 1,500 దాటదు. ఎప్పుడో 300 జౌల్స్ బుల్లెట్‌తో పుట్టిన అంకెని 3,200కి సాగదీసి "44 లోపు ఉంటే సేఫ్" అనడమే పెద్ద మాట, ఇక్కడ అది కూడా లేదు. చిల్లు పడకపోయినా పక్కటెముకలు విరగొచ్చు, ఊపిరితిత్తి కమిలిపోవచ్చు, గుండె మీదుగా తగిలితే ఇంకా ఘోరం. మట్టికి ఎముక లేదు, కాబట్టి రొమ్ము ఎముక మీద తగిలినా పొట్ట మీద తగిలినా అది ఒకే గుంట చూపిస్తుంది. నా ఉద్దేశంలో ఈ ప్రమాణం మొత్తంలో అందరూ ఎక్కువగా నమ్మే, తక్కువగా ప్రశ్నించే అంకె ఈ 44.

అంటే ప్రకటన చూసి భయపడిన ఖరీదైన రౌండ్లన్నిటికంటే, ఏ ప్రత్యేకతా లేదని ఆయన తీసేయమన్న స్లగ్ ఎక్కువ ఇబ్బంది పెట్టింది. అయితే దీన్ని బట్టి "శక్తి ఎక్కువుంటే ప్రమాదం ఎక్కువ" అని సూత్రం కట్టేస్తే తర్వాతి అడుగులోనే బోర్లా పడతాం, ఎందుకంటే ప్లేట్ల దగ్గర అదే తిరగబడింది.

వాళ్ల ప్లేట్లు పూర్తి పాలిథిలిన్‌వి, లెవెల్ త్రీ. ఆ లెవెల్‌కి టెస్ట్ రౌండ్ 7.62 ఎం80 అనే రైఫిల్ రౌండ్: 9.6 గ్రాములు, 847 మీటర్లు, దాదాపు 3,450 జౌల్స్, లోపల సీసం. ఆ రౌండ్లని ప్లేట్ ఎంతో హాయిగా ఆపింది. తర్వాత 5.56 ఎం855 అనే ఇంకో రైఫిల్ రౌండ్ పెట్టాం. అది 4 గ్రాములే, 950 మీటర్ల వేగంతో వచ్చినా 1,800 జౌల్స్ దగ్గరే, అంటే ఎం80లో సగానికి కాస్త పైన. మొన దగ్గర చిన్న ఉక్కు ముక్క ఉంటుంది. ప్లేట్‌ని దాటేసింది. ఉక్కు చదును కాదు, సన్నగా ఉంటుంది, వేగం ఎక్కువ. పాలిథిలిన్ ఎంత బలమైనదైనా గట్టిది కాదు, ఆ మొనని విరగ్గొట్టలేదు. ముందు సిరామిక్ పొర ఉంటే అది మొనని ముక్కలు చేస్తుంది, వెనక ఉన్న పాలిథిలిన్ ఆ ముక్కలని పట్టుకుంటుంది. ఇదేం మా ల్యాబ్ కనిపెట్టిన రహస్యం కాదు, ఈ రంగంలో ఎప్పటి నుంచో తెలిసిందే, కొత్త ప్రమాణంలో పాత లెవెల్ త్రీ స్థానంలో వచ్చిన ఆర్‌ఎఫ్1కీ పాత లెవెల్ ఫోర్‌కి సమానమైన ఆర్‌ఎఫ్3కీ మధ్య ఎం855 కోసమే ఆర్‌ఎఫ్2 అని ఒక స్థాయి పెట్టారు. ఆయనకి ప్లేట్లు అమ్మినవాళ్లు మాత్రం "రైఫిల్ ప్లేట్" అని చెప్పి ఊరుకున్నారు.

అంచుల సంగతి కూడా చూశాం. ప్రమాణం ప్రకారం షాట్ అంచుకి కనీసం 2 అంగుళాలైనా లోపల పడాలి, రౌండ్‌ని బట్టి 3 కూడా అడుగుతారు. నిజంగా కాల్చేవాడు స్కేలు పెట్టుకుని కాల్చడు. అంచుకి దగ్గరగా కావాలని కొట్టిన షాట్లలో బుల్లెట్ ఆగినా ప్యానెల్ మొత్తం లోపలికి లాక్కుపోయి మడతపడింది, ఎందుకంటే ఒక పక్క పట్టుకోవడానికి దారమే లేదు. వీటిని పాస్-ఫెయిల్ లెక్కలో కలపకుండా విడిగా ఫొటోలతో ఇచ్చాం. వెస్ట్ సైజు సరిపోని గార్డులు నలుగురైదుగురు ఉన్నారని మాటల్లో తెలిసింది, వాళ్ల విషయంలో ఈ ఫొటోలు మిగతా రిపోర్టు మొత్తం కంటే ఎక్కువ పనికొచ్చాయి.

రిపోర్టులో మేం రాసింది ఇదీ. సాఫ్ట్ వెస్టులు మార్చక్కర్లేదు, జాబితాలోని హ్యాండ్‌గన్ స్పెషల్ రౌండ్లు రాసిన వేగాల దగ్గర, రాసిన షాట్లలో దాటలేదు. కవరు చిరిగిన ప్యానెళ్లు వాడుకలోంచి తీసెయ్యాలి, కుట్టు వేయించి మళ్లీ ఇవ్వకూడదు. స్లగ్ ముప్పు నిజంగా ఉందనుకునే చోట సాఫ్ట్ వెస్ట్ ఒక్కటే సరిపోదు, ముందు ప్లేట్ ఉండాలి. గేటు దగ్గరి ప్లేట్ల స్థానంలో సిరామిక్ ముఖం ఉన్నవి, కనీసం ఆర్‌ఎఫ్2 స్థాయివి పెట్టాలి. వాటి బరువు ఎక్కువ, కింద పడేస్తే సిరామిక్‌కి పగుళ్లు వస్తాయి, కాబట్టి మోసేవాళ్లకి ముందే చెప్పాలి. ట్రామా ప్యాడ్, అంటే దెబ్బ తగ్గించడానికి వెస్ట్‌లో పెట్టే దిండు లాంటిది, పెడితే స్లగ్ గుంట తగ్గుతుందా అని ఆయన అడిగారు. ఇదే ప్యానెల్, అదే ప్యాడ్ కలిపి టెస్ట్ చేస్తే తప్ప అవుననలేమని రాశాం.

ఆయన చివరిగా అడిగింది ప్రతి వెస్ట్ లోపలా "స్పెషల్ అమ్మునిషన్ టెస్టెడ్" అని ఒక స్టిక్కర్. అది కుదరదన్నాం. దాని బదులు రౌండ్ పేరు, బుల్లెట్ బరువు, వేగం, షాట్ల సంఖ్య, ప్యానెల్ లాట్ నంబరు ఉన్న ఒక పేజీ ఇచ్చాం. గార్డులకి అది చూపిస్తే ఏం అర్థమవుతుందని విసుక్కున్నారు గానీ, పాత ప్లేట్లు వెనక్కి తీసుకోమని సరఫరాదారుతో మాట్లాడేటప్పుడు టేబుల్ మీద పెట్టింది ఆ పేజీనే అని తర్వాత ఆయనే ఫోన్ చేసి చెప్పారు.